అచ్చు అతికే అక్క టీ వాటా

మా షెడ్డులో టీ డబ్బులు వసూలు చేసే పని నాకు అప్పజెప్పింది నా లెక్కలు చూసి కాదు, నా నోరు చూసి. లెక్కల సంగతి చెప్పాలంటే, ఏడో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. మా అయ్యవారికీ లెక్కల పుస్తకానికీ ఒకేరోజు నమస్కారం పెట్టి వచ్చేశాను. కానీ శనివారం మధ్యాహ్నం కూలి చేతిలో పడ్డాక, ఒకాయన ముందు బ్యాంకు మేనేజరులా దగ్గి, ఇంకొకాయన ముందు పూజారిలా పళ్లెం పట్టి నిలబడితే, అందరూ నవ్వుతూ ఇచ్చేస్తారు. నవ్వుతూ ఇచ్చిన మనిషి మళ్లీ లెక్క అడగడు. ఈ కిటుకు పుస్తకంలో లేదు కాబట్టి నాకు వచ్చింది.

ఆ నోటి వల్లే ఒకసారి మా ఎనిమిది మగ్గాల షెడ్డుకు అచ్చు అతికే మనిషి లేకుండా పోయింది. ఆమె మళ్లీ వస్తుందా రాదా అని మూడు వారాలు మా పొయ్యిలన్నీ ఎదురు చూశాయి. ఆ సంగతే ఇది.

మా షెడ్డు ఎమ్మిగనూరులో. మగ్గాలు సావుకారువి, చేతులు మావి. మొదట్లో టీ కూడా సావుకారుదే. పదకొండుకు ఒకటి, నాలుగుకు ఒకటి. తర్వాత నూలు ధర పెరిగింది, చీర ధర పెరగలేదు, ఆ రెంటి మధ్యలో మా టీ ఇరుక్కుపోయింది. ఇక మీ టీ మీరు చూసుకోండప్పా అని ఒకరోజు చల్లగా చెప్పేశాడు. శనివారం ఉగ్గాని, బజ్జీ మాత్రం ఆపలేదు. అవి ఆయనకూ ఇష్టం. అట్లా మేం ఎనిమిది మందీ వారానికింత అని వేసుకోవడం మొదలుపెట్టాం.

ఇక తొమ్మిదో మనిషి సంగతి. మగ్గం మీద పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా కలపాలి. దాన్నే అచ్చు అతకడం అంటాం. వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని, పాత కొస, కొత్త కొస పట్టుకుని ఒక్క మెలి తిప్పితే, ముడి లేకుండా అతుక్కుపోవాలి. వరసలో ఒక్క పోగు తప్పినా నేసినంత పొడవునా గీత పడుతుంది. నేత వచ్చినవాళ్లందరికీ ఈ పని రాదు. వచ్చినా ఆమెకు వచ్చినట్టు రాదు.

అక్కది ఆదోని. నాకంటే అయిదారేళ్లు పెద్దది. మంగళవారం, శనివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. ఎనిమిదికి కూర్చుంటే రెండుకు లేచేది. మిగతా రోజుల్లో ఆదోనిలోనే పత్తి మిల్లుకు పోయేది. మాకు ఆమె పూట మనిషి. ఎన్ని పడుగులు అతికితే అన్ని డబ్బులు.

అతికేవాళ్లను పలకరించకూడదని మా దగ్గర కట్టుబాటు. మాటలో పడితే వరస తప్పుతుందని భయం. మా షెడ్డులో పెద్దాయన ఒకాయన ఉన్నాడు, మేమంతా మామా అంటాం. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఆమెతో ఏదో పరాచికం ఆడబోతే, ఆయన పోగుల మధ్య ఆడుతున్న నాడె ఆపి నన్ను ఒక చూపు చూశాడు. అంతే, పదకొండేళ్లు మళ్లీ ఆమె దగ్గర నోరు తెరవలేదు. నాలాంటివాడికి అది ఎంత శిక్షో మీరే ఊహించుకోండి. పదకొండుకు టీ వస్తే ఎవరో ఒకరు చప్పుడు చేయకుండా ఒక గ్లాసు ఆమె పక్కన పెట్టి వచ్చేవాళ్లం. ఆమె పట్టుకున్న పోగుల కట్ట అయ్యేదాకా తల ఎత్తేది కాదు. అప్పటికి టీ మీద మీగడ కట్టేది. ఆ మీగడ వేలితో పక్కకు తీసి ఒక్క గుక్కలో తాగేది. అక్కకు టీ మజ్జిగలాగా ఉండాలని నేను అందరికీ చెప్పి నవ్వించేవాణ్ణి.

మేం డబ్బులు వేసుకోవడం మొదలైన మూడో శనివారం, టీ తాగుతూ ఎవరో తీగ లాగారు. అక్క సంగతి ఏమిటి, ఆమె కూడా టీ తాగుతుంది కదా అని. కొత్తగా పెళ్లయిన నేతగాడు ఒకడున్నాడు మాలో. పెళ్లయినప్పటి నుంచీ పైసా పైసాకు న్యాయం మాట్లాడుతున్నాడు. వాడు వేళ్ల మీద లెక్కేశాడు: మనం ఆరు రోజులు, రోజుకు రెండు, ఆమె రెండు రోజులు, రోజుకు ఒకటి, కాబట్టి మన వాటాలో ఆరో వంతు ఆమె ఇవ్వాలి, అది ధర్మం అన్నాడు. ఒక్కోవారం పని ఎక్కువై మూడు రోజులు వస్తే ఎట్లా అని ఇంకొకాయన. సగం పూట మనిషి దగ్గర సగం తీసుకుంటే పోతుంది కదా అని మరొకాయన. నేను ఊరుకుంటానా? ఇంత లెక్కెందుకు, ఆమె గ్లాసుకు కత్తెర పెట్టి ఆరో వంతు దగ్గర కత్తిరిద్దాం అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు.

మామ మాత్రం అస్సలు ఒప్పుకోలేదు. అతికే మనిషి దగ్గర టీ డబ్బులు అడగడం ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదట. వాళ్ల నాయన కాలంలో ఎవరి మగ్గం అతికితే ఆ ఇంటివాళ్లు అన్నం పెట్టి, మజ్జిగ పోసి పంపేవాళ్లట. ఆ మాటకు అందరం మెత్తబడ్డాం. వారానికి రెండు గ్లాసులే కదా, తలా ఇంత మోస్తే కనపడను కూడా కనపడదు. ఖర్చు లేకుండా మంచివాళ్లమయ్యే అవకాశం రోజూ రాదు. అక్కకు టీ ఉచితం అని తీర్మానం చేశాం.

ఈ చర్చంతా జరుగుతున్నప్పుడు అక్క నా పక్క మగ్గం వెనక కూర్చుని అతుకుతూనే ఉంది.

రెండు గంటలకు ఆమె లేచి చేతులు కడుక్కుంటుంటే, శుభవార్త చెప్పే భాగ్యం నేనే తీసుకున్నాను.

“అక్కా, నీకు టీ డబ్బుల్లేవు. నువ్వు మాకు సుట్టం మాదిరి. సుట్టాల దగ్గర టీకి డబ్బులు తీసుకుంటే మా ఎమ్మిగనూరు పరువేం గావాల?”

“అట్లనా,” అంది. కొంచెం నవ్వినట్టే కనిపించింది. ఎప్పుడూ కిటికీలో వదిలిపోయే బూడిద డబ్బీని ఆరోజు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అది మామ చూశాడు. నేను చూడలేదు. నేను జనం నవ్వుతున్నారా లేదా అని చూస్తున్నాను.

మంగళవారం ఆమె రాలేదు. సావుకారు ఫోన్ చేస్తే మోకాళ్ల నొప్పులని చెప్పిందట. శనివారం కూడా మోకాళ్లే. ఆ వారమే నా మగ్గం మీద పడుగు అయిపోయింది. పడుగు లేకపోతే నేత లేదు, నేత లేకపోతే కూలి లేదు. సావుకారు వేరేవాళ్ల కోసం తిరిగాడు. మా ఊళ్లోనే ఇంకొకామె ఉంది గానీ, నెలంతా ఆమెకు చేతినిండా పని. కౌతాళం వైపు నుంచి ఒకాయనను పిలిస్తే, వరి నాట్ల పని ఉంది, అయ్యాక చూద్దాం అన్నాడు.

చివరికి నేనే అతుకుతానన్నాను. ఇంటి నుంచి మా ఆమెను పిలుచుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాను, కొసలు అందించడానికి. మా ఆమెకు అతికేవాళ్లతో మాట్లాడకూడదన్న కట్టుబాటు తెలియదు. తెలిసినా పాటించదు. బియ్యం, గ్యాసు, వాళ్ల చెల్లెలి సీమంతం, అన్నీ ఆ రెండు రోజుల్లో నా పోగుల మధ్యలో నుంచి నడిచిపోయాయి. అక్క ఒక పూటలో చేసే పని మా ఇద్దరికీ రెండు రోజులు పట్టింది. నేయడం మొదలుపెట్టాక చూస్తే, అంచు ఎరుపు పోగు ఒకటి పక్కింటికి పోయి కూర్చుంది. చీర పొడవునా సన్నటి ఎర్ర గీత, పంతులు గారు తప్పు కింద గీసినట్టు.

సావుకారు చీరను వెలుతురుకు పట్టి చూశాడు. కొత్త డిజైను సావుకారూ అన్నాను.

“బాగుందప్పా. మీ ఇంటామెకే కట్టబెట్టు. కూలిలో పట్టుకుంటా,” అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మర్నాడే మామ మగ్గం కూడా ఆగింది. ఆయన వయసు మనిషికి ఒక వారం కూలి పోతే మందుల చీటీ వాయిదా పడుతుంది. ఆగిన మగ్గం ముందు కూర్చుని, నా వైపు చూసి అన్నాడు:

“నీ నోటితో పంపిచ్చినావు. నీ కాళ్లతో పోయి పిల్సుకరా.”

నా వల్ల ఏమైంది మామా, ఆమెకు మోకాళ్లు కదా అంటే, మోకాళ్లు నొప్పి ఉన్న మనిషి బూడిద డబ్బీ ఎందుకు తీసుకుపోతుంది అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు డబ్బీ సంగతి.

మర్నాడు ఆదోని పోయాను. మిల్లు పేరు చెబితే బస్సు కండక్టరే దిగాల్సిన చోటు చూపించాడు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక ఆడవాళ్లంతా గేటు బయటికి వచ్చారు. అందరి కనుబొమ్మల మీదా తెల్లగా పత్తి పీచు. అందరూ ఒక్కసారిగా ముసలివాళ్లయినట్టు ఉన్నారు. అక్క నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎదురుగా టీ బంకు దగ్గరికి నడిచింది. నేను జేబులో చెయ్యి పెట్టేలోపల రెండు టీలు చెప్పి డబ్బులు కూడా ఇచ్చేసింది.

“మోకాళ్లు ఎట్లుండాయక్కా?”

“మోకాళ్లకేమప్పా, బాగుండాయి.”

టీ వచ్చింది. ఆమె గ్లాసును కొంగుతో పట్టుకుని, ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటూ, కొంచెం కొంచెం తాగింది. నేను చూస్తూ ఉండిపోయాను. పదకొండేళ్లలో ఆమె టీ ఊదుకుని తాగడం నేను చూడలేదు.

“నువ్వు సల్లారిన టీనే తాగుతావనుకొంటిమి గదక్కా,” అన్నాను.

“ఎవురన్నా సల్లారిన టీ ఇష్టపడి తాగుతారా అప్పా?” అంది. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే. “అతుకుతాంటే మాట్లాడించకూడదని మీరు మాట్లాడించరు. మంచిదే. లేసినంక కూడా ఎవురూ మాట్లాడించరే. నీకు టీ ఎప్పుడు కావాలక్కా అని ఒక్కరన్నా అడిగినారా ఇన్నేండ్లలో?”

నిజమే. పని మధ్యలో పలకరించకూడదన్న కట్టుబాటును మేం ఆమె బస్సెక్కేదాకా పొడిగించేశాం. నాలాంటి వాగుడుకాయ కూడా.

“అడగొచ్చు గదక్కా నువ్వన్నా.”

“ఎట్లడిగేది? అప్పుడు అది సావుకారు టీ. ఆయప్ప పోయించింది, ఆయప్ప చెప్పిన టయానికి తాగాల. దానికి వంకలు పెడితే బాగుంటాదా? మీరు డబ్బులేసుకుంటాండారని తెలిసినంక, సరే, నేనూ ఏస్తా, ఏసి, నా చెయ్యి ఖాళీ అయినప్పుడు వేడిగా ఒకటి తెప్పియ్యండప్పా అని అడుగుతా అనుకొంటి. రెండు శనివారాలు డబ్బీ మూతలో ఇరవై రూపాయలు పెట్టుకొని కూసుంటి. నువ్వు అందరి ముందరా చెయ్యి సాపి, నన్ను దాటుకోని పోతివి.”

ఆమె ఆగలేదు. పదకొండేళ్ల మాటలు కదా.

“మూడో శనివారం నా గురించే మాట్లాడుకుంటిరి. నేను ఆడనే ఉండా గదప్పా. చేతులకు పూసుకుంటినే గానీ చెవులకు పూసుకోలేదు బూడిద. గ్లాసుకు కత్తెర పెడతామంటివి. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే పోగు తప్పుతాదని నవ్వలేదు. అంతమంది ఉండారు, ఆమెను కూడా ఒక మాట అడుగుదామని ఎవురూ అనలేదు. కడాకు సుట్టమంటివి. సుట్టం పెట్టింది తిని, బాగుందని చెప్పి పోవాల. నేను పని చేసేదానికి వస్తాండా.”

బడిలో కూడా తప్పుడు జవాబు చెప్పానే గానీ తప్పని ఒప్పుకోలేదు. ఆరోజు ఒప్పుకున్నాను. తప్పయింది, రా అక్కా, మామ మగ్గం ఆగిపోయింది అన్నాను. మామ పేరు చెబితే కరుగుతుందని నా తెలివి. ఆమె కరగలేదు, బేరం పెట్టింది. ఆరో వంతు, సగం వంతు, అవేవీ వద్దు. తాగిన గ్లాసుకు డబ్బులు, రాని వారం అడగకూడదు, వచ్చిన వారం మరిచిపోకూడదు. టీ మాత్రం ఆమె చెయ్యి ఖాళీ అయినప్పుడు రావాలి.

ఆ చివరిది నేనొక్కణ్ణే ఒప్పుకోలేను, మిగతా ఏడుగురినీ అడగాలి అన్నాను. ఆ మాట ఆమెకు నచ్చినట్టుంది.

“పోయి అడుగు. నేను లేనప్పుడే మాట్లాడుకోండి ఈసారి. అతుకుతా అతుకుతా వినలేను,” అంది. మిల్లు గంట కొడితే లేచిపోయింది.

తిరిగొచ్చి షెడ్డులో చెప్పాను. జరిగింది జరిగినట్టే చెప్పాను, కత్తెర మాటతో సహా. తర్వాత చర్చ మొదలైంది. డబ్బుల దగ్గర చిక్కు లేదు, టయం దగ్గరే చిక్కంతా. టీ తెచ్చే ఆయన ఒక్క గ్లాసు కోసం మూడోసారి రానన్నాడు. ఆయనకూ మోకాళ్లున్నాయి, నిజమైనవి. ఫ్లాస్కు కొందాం అన్నాడు కొత్త పెళ్లికొడుకు. దాన్ని రోజూ కడిగేదెవరు అనగానే ఆ మాట వాడే వెనక్కి తీసుకున్నాడు. మిగిలింది ఒకటే దారి. ఆమె వచ్చే రెండు రోజులూ పొద్దుటి టీ ఆమె తల ఎత్తినప్పుడే అందరికీ.

అందరూ ఒప్పుకున్నారు, మామ తప్ప. పదకొండుకు టీ పడకపోతే ఆయనకు తల పగిలిపోతుంది. ముప్పై ఏళ్ల అలవాటు. డబ్బులు అడగొద్దని అందరికంటే ముందు ఆమె పక్షాన మాట్లాడిన మనిషి, ఇప్పుడు అరగంట టీ ఆలస్యం దగ్గర ఆగిపోయాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఈసారి మింగాను. నా సంగతి మాత్రం ఏమిటి? ఉచితంగా ఇవ్వమంటే సులువుగా ఇచ్చాను. అడిగి ఇవ్వమంటే ఆదోనిదాకా పోవలసి వచ్చింది. మామ తన ఆగిన మగ్గం వైపు ఒకసారి చూసుకున్నాడు. సరే కానీండి అన్నాడు.

మంగళవారం ఎనిమిదికి ఆమె వచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. సంచిలో నుంచి డబ్బీ తీసి, మామ మగ్గం వెనక కూర్చుని, వేళ్లకు బూడిద అద్దుకుంది.

పదకొండయింది. టీ ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తీగ స్టాండులో తొమ్మిది గ్లాసులు, చేతిలో మూత పెట్టిన కెటిలు. చెప్పిన సంగతి మరిచిపోయి అలవాటుగా వచ్చేశాడు. పోయమంటారా అన్నట్టు నా వైపు చూశాడు. వేలు పెదాల మీద పెట్టుకుని, గోడ పక్కన కూర్చోమని సైగ చేశాను. ఒక్కొక్కరే మగ్గం ఆపారు. ఆపాక చేసేదేముంది, అందరం ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాం. ఇన్నేళ్లూ ఆమె పనికి అడ్డం రాకూడదని చూపు కూడా పక్కకు తిప్పుకున్నవాళ్లం. రెండు కొసలు కలుస్తున్నాయి, మెలి పడుతోంది, వేలు పక్క పోగు మీదికి జరుగుతోంది. ఎక్కడా ఆగడం లేదు. లెక్కపెడదామని మొదలుపెట్టి ముప్పై దాటాక నేనే తప్పిపోయాను. మామ కణతలు నొక్కుకుంటున్నాడు. టీ ఆయన కెటిలును ఒళ్లో పెట్టుకుని కండువా కప్పాడు, చల్లారకుండా.

ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. కట్ట అయిపోయింది. ఆమె నడుము నిటారు చేసి, తల ఎత్తి, మేమంతా తననే చూస్తూ కూర్చోవడం చూసింది. బూడిద చేతులు పాత గుడ్డకు తుడుచుకుంది.

“పొయ్యన్నా,” అంది టీ ఆయనతో.

మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చాడు. పొగ వస్తోంది. ఊదుకుంది. ఒక గుక్క తాగింది. ఇంకొక గుక్క తాగి, గ్లాసు వైపు చూసి, నా వైపు తిరిగింది.

“సక్కెర శానా ఎక్కువప్పా. శనివారం నుంచి తగ్గియ్యమను.”

“నాకు ఇట్లనే ఉండాల,” అన్నాడు మామ, గ్లాసు ఇంకా నోటి దగ్గరికి పోకముందే.

“నీకు వేరే కలిపిచ్చుకో మామా. నేను గూడా డబ్బులిస్తాండా గదా.”

కొత్త పెళ్లికొడుకు ఆమె వైపు చేరాడు. వాళ్లింట్లో కూడా చక్కెర తగ్గించారట. ఇంకో ఇద్దరు మామ వైపు చేరారు. ఎవరి మాట వినాలని టీ ఆయన నన్ను అడిగాడు. ఇద్దరి డబ్బులూ నా దగ్గరే ఉన్నాయి. గ్లాసు పట్టుకుని మగ్గం గుంటలోకి దిగిపోయాను.